గంటు పడ్డ గుడ్లగూబ: ఒక ఏథెన్స్ వెండి నాణెం పరిశీలన

పరిశీలనకు వచ్చింది ఒక్కటే నాణెం. బొమ్మ వైపు శిరస్త్రాణం పెట్టుకుని కుడికి చూస్తున్న ఎథీనా దేవత తల. బొరుసు వైపు లోతుగా దిగిన చదరంలో గుడ్లగూబ. దాని వెనక ఆలివ్ రెమ్మ, చిన్న నెలవంక, ముందు పైనుంచి కిందికి మూడు గ్రీకు అక్షరాలు: ఆల్ఫా, థీటా, ఎప్సిలాన్. గుడ్లగూబ రెక్క మీద మొదలై నాణెం అంచు దాకా పోయిన ఉలి గంటు ఒకటి. రంగు ముదురు బూడిద, పల్లాల్లో నల్లటి మట్టు. ఈ రకాన్ని చూడగానే పోల్చుకోవచ్చు. క్రీ.పూ. 454–404 మధ్య ఏథెన్స్ పెద్ద ఎత్తున అచ్చువేసిన టెట్రాడ్రాఖ్మ ఇది, అంటే నాలుగు ద్రాఖ్మల నాణెం. ఆ కాలపుదేనా, ఈ మధ్య చేసిందా అన్నదే ప్రశ్న.

ఫలితం ముందే చెప్పేస్తే మిగతాది చదవడం తేలిక. ఇది ఆధునిక తయారీ. పోత పోసింది కాదు, మంచి వెండి బిళ్లను అచ్చుల మధ్య పెట్టి కొట్టింది. తూకంలో నెగ్గింది, సాంద్రతలో నెగ్గింది, లోహ విశ్లేషణలో ఒక చిన్న సందేహం తప్ప నెగ్గింది. పట్టించింది మాత్రం మామూలుగా కొనేవాళ్లకు ధైర్యం ఇచ్చే ఆ ఉలి గంటే.

అసలుది ఎలా ఉండాలి

ఏథెన్స్ తూకంలో ద్రాఖ్మ సుమారు 4.3 గ్రాములు, టెట్రాడ్రాఖ్మ సుమారు 17.2. పెద్దగా అరగని నాణేలు 17.0–17.2 మధ్య తూగుతాయి. అరిగినా, మట్టిలో తినేసినా ఇంకా తగ్గుతాయి. వ్యాసం సాధారణంగా 23–26 మి.మీ. బిళ్ల మందంగా, గుండ్రానికి కాస్త తక్కువగా ఉంటుంది. వెండి చాలా శుద్ధమైనది. ఏథెన్స్ దగ్గరి లారియన్ గనుల సీసపు ఖనిజం నుంచి పుటం పెట్టి తీసింది కాబట్టి కొద్దిగా సీసం, రాగి మిగిలిపోతాయి.

బొమ్మ అచ్చు కింద దిమ్మలో బిగించి ఉంటుంది. బొరుసు అచ్చు పైనుంచి చేత్తో పట్టుకునే గూటం లాంటిది. దాని కొస చదరంగా ఉండడం వల్లే గుడ్లగూబ చుట్టూ ఆ చదరపు పల్లం. ప్రతి అచ్చూ చేత్తో చెక్కిందే, ప్రతి దెబ్బా చేత్తో కొట్టిందే. అందుకని ఒకే అచ్చుల జంటతో కొట్టిన రెండు అసలు నాణేలకు బొమ్మ ఒకటే అయినా బిళ్ల ఆకారం, బొమ్మ పడిన చోటు, రెండు వైపుల మధ్య కోణం, అంచు పగుళ్లు వేరువేరుగా ఉంటాయి. ఆ తర్వాత పడిన గీతలు, దెబ్బలు ఎవరివి వాళ్లకే. ఈ కేసు మొత్తం ఈ ఒక్క విషయం మీదే నిలబడింది.

శైలి సంగతి. ముఖం పక్కకి తిరిగి ఉన్నా కన్ను మాత్రం ఎదురుగా చూస్తున్నట్టు, బాదం గింజలా ఉండాలి. పక్కనుంచి చూసిన కన్నులా సహజంగా చెక్కడం క్రీ.పూ. నాలుగో శతాబ్దపు పద్ధతి. శిరస్త్రాణం మీద మూడు ఆలివ్ ఆకులు, వాటి వెనక మెలితిరిగిన తీగ. గుడ్లగూబ తోక ఒకే మొనగా ఉండాలి. తోకలో మూడు చిన్న ఈకలు విడివిడిగా కనిపిస్తే అది అంతకు ముందు దశ. పర్యాటకులకు అమ్మే నకళ్లలో నాలుగో శతాబ్దపు కన్ను, అయిదో శతాబ్దపు గుడ్లగూబ ఒకే బిళ్ల మీద కలుస్తుంటాయి. అలాంటి వాటికి త్రాసు కూడా అక్కర్లేదు. ఈ నాణెంలో ఆ కలగాపులగం లేదు. అసలు నాణెం నుంచి నేరుగా అచ్చు తీస్తే శైలి తప్పే అవకాశమే ఉండదు. శైలి సరిగ్గా ఉందన్న మాటకు ఇక్కడ విలువ తక్కువ.

గంటు గురించి కూడా ముందే చెప్పాలి. క్రీ.పూ. 375/374లో నికోఫాన్ ప్రతిపాదించిన ఏథెన్స్ శాసనం ఒకటి రాతి పలక మీద చెక్కి ఉంది. 1970లో ఏథెన్స్ అగోరా, అంటే పాత నగర బజారు, తవ్వకాల్లో దొరికింది. నగర బజారులో కూర్చునే అధికారిక నాణేల పరీక్షకుడు లోపల కంచో సీసమో ఉన్న దొంగ నాణెం తన దగ్గరికి వస్తే వెంటనే అడ్డంగా కోసేయాలని, దాన్ని దేవతల తల్లికి సమర్పించాలని అందులో ఉంది. ఏథెన్స్ బయట, ముఖ్యంగా ఈజిప్టు, తూర్పు మధ్యధరా తీరాల్లో ఈ నాణేలను వెండి ముద్దల్లాగే చూసేవారు. చేతులు మారినప్పుడు ఉలితో ఒక దెబ్బ వేసి లోపల చూసుకునేవారు. అందుకే గంటు పడ్డ గుడ్లగూబలు కొల్లలు. ఈనాటి కొనుగోలుదారు గంటును చూసి ‘ఎవరో అప్పుడే కోసి చూశారు, లోపల వెండే’ అని ఊపిరి పీల్చుకుంటాడు. ఆ సంగతి దొంగ నాణేలు చేసేవాడికీ తెలుసు.

తూకం, నీళ్ల పరీక్ష

కొలతలు: బరువు 17.08 గ్రాములు, వ్యాసం 24.1 × 23.2 మి.మీ., అచ్చుల కోణం సుమారు 9 గంటల దిశ. అంటే బొమ్మను నిటారుగా పట్టుకుని నిలువు ఇరుసు మీద తిప్పితే గుడ్లగూబ తల 9 అంకె వైపు ఉంటుంది. ఈ కాలపు ఏథెన్స్ నాణేల్లో కోణం మారుతూ ఉంటుంది కాబట్టి ఇది దేన్నీ తేల్చదు. అయినా రాసి పెట్టుకోవాలి. తర్వాత అక్కరకొచ్చింది.

సాంద్రతకు 0.01 గ్రాము చూపే డిజిటల్ త్రాసు వాడారు. త్రాసు పళ్లెం మీద నీళ్ల గ్లాసు పెట్టి, సున్నా చేసి, సన్నటి నైలాన్ దారంతో నాణేన్ని నీళ్లలో వేలాడదీస్తే త్రాసు చూపే అంకె నాణెం తోసిన నీటి బరువు. అడుగు తగలకూడదు, గోడ తగలకూడదు. నాణెం పూర్తిగా మునగాలి. మొదటి కొలతలో 1.69 వచ్చింది. లెక్క వేస్తే సాంద్రత ఘన సెంటీమీటరుకు 10.1 గ్రాములు. కొంచెం రాగి ఎక్కువ కలిసిన వెండి అనుకోవాల్సిన అంకె. కారణం లోహం కాదు, చదరపు పల్లంలో ఇరుక్కున్న గాలి బుడగలు. బుడగ ఎంత చోటు ఆక్రమిస్తే నాణెం ఘనపరిమాణం అంత పెరిగినట్టు లెక్కలోకి వస్తుంది, సాంద్రత తగ్గుతుంది. నీళ్లలో ఒక చుక్క గిన్నెలు కడిగే ద్రవం కలిపి, మెత్తటి కుంచెతో పల్లాలను తడిపి మళ్లీ కొలిస్తే వరుసగా 1.64, 1.63, 1.64 వచ్చాయి. 17.08 ÷ 1.64 = 10.41. నీటి ఉష్ణోగ్రత 20 డిగ్రీలకు సవరిస్తే 10.39.

శుద్ధమైన వెండి సాంద్రత 10.49, రాగిది 8.96, సీసానిది 11.34. నూటికి 92.5 పాళ్ల నగల వెండి అయితే 10.36 దగ్గర. మరి 10.39 అంటే నగల వెండేనా? ఈ త్రాసుతో అలా అనడం కుదరదు. తోసిన నీటి బరువులో 0.02 గ్రాము తేడా ఉన్నా ఫలితం 10.29 నుంచి 10.54 దాకా ఊగుతుంది. చిన్న నాణేలకు ఈ ఊగిసలాట ఇంకా ఎక్కువ. ఇంటి త్రాసుతో తీసిన సాంద్రతలో రెండో దశాంశాన్ని సాక్ష్యంగా చూపేవాళ్లను నమ్మక్కర్లేదు. ఈ పరీక్ష చెప్పింది ఒక్కటే: లోపల రాగి దిమ్మ పెట్టి వెండి తొడుగు వేసిన పూత నాణెం కాదు. అదైతే సాంద్రత స్పష్టంగా తగ్గేది. సీసం, రాగి తగిన పాళ్లలో కలిపితే వెండి సాంద్రత తెప్పించవచ్చన్నదీ గుర్తుంచుకోవాలి. ఘనపరిమాణంలో సుమారు 64 పాళ్లు సీసం, 36 పాళ్లు రాగి అయితే సరిగ్గా 10.49. కాబట్టి సాంద్రత కుదరగానే వెండి అని రాసేయకూడదు.

అయస్కాంతం పరీక్ష కూడా చేశారు, అంటుకోలేదు. ఇనుము లాంటి అయస్కాంతానికి అంటుకునే లోహం ఎక్కువగా లేదన్నంతవరకే అది.

గీటురాయి మీద రుద్దడం, ఆమ్లం చుక్క వేయడం, అంచును ఆకురాయితో గీకడం, మోగుతుందా అని బల్ల మీద పడేయడం చేయలేదు. మొదటి మూడూ నాణేన్ని పాడుచేస్తాయి. నాలుగోది పాత వెండి విషయంలో ప్రమాదకరం. వందల ఏళ్లు మట్టిలో ఉన్న వెండి స్ఫటికాల సరిహద్దుల వెంట పెళుసెక్కి ఉంటుంది. అసలు నాణెం మొద్దుగా మోగుతుంది, ఒక్కోసారి రెండు ముక్కలవుతుంది. కొత్తది గంటలా మోగుతుంది. మోగింది కాబట్టి మంచిదే అనుకునేవాడు సరిగ్గా తలకిందులుగా తేలుస్తాడు.

లోహం ఏం చెప్పింది, ఏం చెప్పలేదు

ఎక్స్‌-కిరణాలు పంపి, తిరిగి వచ్చే కిరణాలను బట్టి పైపొరలో ఏ లోహం ఎంతుందో చెప్పే ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రంతో నాలుగు చోట్ల చూశారు: ఎథీనా చెంప, బొరుసు ఖాళీ తలం, అంచు, గంటు లోపల. వెండి 97.4–98.1, రాగి 1.1–1.6, సీసం 0.4–0.6, బంగారం 0.3 శాతం. జింకు, కాడ్మియం, నికెల్ లేవు. గంటు లోపలి అంకెను పక్కన పెట్టాలి. యంత్రం కిరణం 3 మి.మీ. వెడల్పు, గంటు వెడల్పు 1 మి.మీ. కూడా లేదు. చూసింది గంటును కాదు, దాని రెండు ఒడ్డులను.

ఈ యంత్రం లోపలికి చూడదు. వెండి సంకేతం కొన్ని పదుల మైక్రాన్ల లోతు నుంచి, రాగి సంకేతం కొద్ది మైక్రాన్ల నుంచి మాత్రమే వస్తుంది. మట్టిలో రాగి ముందు కరిగిపోవడం వల్ల పాత నాణెం పైపొరలో వెండి శాతం ఎక్కువ కనిపిస్తుంది. మందమైన వెండి తొడుగు కింద ఏమున్నా దీనికి తెలియదు. సాంద్రత, ఎక్స్‌ఆర్‌ఎఫ్ రెండూ కలిస్తేనే ఒకదాని లోటు మరొకటి పూడుస్తుంది. ఇక్కడ రెండూ కలిపి చెప్పింది: నాణెం లోపలా బయటా మంచి వెండే, అందులో పాతకాలపు పుటం వెండిలో ఉండే సీసం, బంగారం జాడలు ఉన్నాయి.

నేటి శుద్ధమైన కడ్డీ వెండిలో ఈ జాడలు ఇంతగా ఉండవు. జింకో కాడ్మియమో కనిపిస్తే ఆధునిక మిశ్రమమని అనుమానించాలి. ఆ దారులు రెండూ మూసుకుపోయాయి. మిగిలిన చిన్న ముల్లు బంగారం 0.3. లారియన్ వెండిలో బంగారం సాధారణంగా 0.1 శాతం లోపే. కానీ ఏథెన్స్ టంకశాలకు మిత్ర నగరాల నుంచి కప్పంగా వచ్చిన వెండి కూడా చేరేది కాబట్టి ఈ అంకెను ప్రశ్నగుర్తుగా ఉంచాలే తప్ప జవాబుగా కాదు.

చాలా పరిశీలనలు ఇక్కడే ఆగిపోతాయి. ‘ఎక్స్‌ఆర్‌ఎఫ్‌లో పాత వెండి అని వచ్చింది’ అనే కాగితం ఒకటి నాణెంతో పాటు తిరగడం మొదలుపెడుతుంది. కానీ లోహం ‘కాదు’ అనగలదు గానీ ‘అవును’ అనలేదు. విలువలేని, బాగా అరిగిన పాత నాణేలను కరిగించో, వాటి మీదే కొత్త అచ్చు కొట్టో చేస్తే లోహం నిజంగానే పాతది. ఇది కొత్త తెలివి కూడా కాదు. జర్మనీకి చెందిన కార్ల్ విల్హెల్మ్ బెకర్ (1772–1830) చేతో చెక్కిన అచ్చులతో అసలైన అరిగిన నాణేల మీదే కొట్టేవాడు. వాటిని ఇనుప రజనుతో పాటు పెట్టెలో వేసి, తన బండి కింద కట్టి, రోడ్డు కుదుపులకు అరగదీసేవాడు. అతని అచ్చులు ఇప్పుడు బెర్లిన్ మ్యూజియంలో ఉన్నాయి.

పోత కాదని తేల్చడం

10 రెట్ల భూతద్దంతో ముందు అంచు చూడాలి. పోత నాణేనికి రెండు అరల అచ్చు కలిసే చోట సన్నటి గీత వస్తుంది. దాన్ని ఆకురాయితో రాస్తే రాసిన చారలు అంచు చుట్టూ ఒకే వైపు పోతాయి. ఇక్కడ గీత లేదు, చారలు లేవు. రెండు చిన్న పగుళ్లున్నాయి. వాటి లోపలి గోడలు చిరిగినట్టు గరుకుగా ఉన్నాయి, అంటే దెబ్బకు బిళ్ల సాగి చీలినవే. పోతలో దిగిన పగులైతే దాని అడుగు గుండ్రంగా మూసుకుపోయి ఉండేది.

పోతకు ఉండే మరో గుర్తు చిన్న గుండ్రటి గుంటలు, వాటితో పాటే ముత్యాల్లాంటి బొడిపెలు. గుంటలు లోహంలో చిక్కిన గాలివి, బొడిపెలు మూసలో ఏర్పడిన బుడగల్లోకి లోహం చేరగా వచ్చినవి. ఇక్కడ రెండూ లేవు. అక్షరాల దగ్గర నుంచి అంచు వైపు లోహం పారిన సన్నటి గీతలు ఏటవాలు వెలుగులో కనిపించాయి. కాబట్టి ఇది కొట్టిన నాణెమే. ఇంతవరకు అన్నీ అనుకూలం.

మొదటి ఫొటోలు కెమెరా చుట్టూ ఉండే రింగ్ లైటుతో తీసినవి. అన్ని వైపుల నుంచీ సమానంగా పడే వెలుగులో నీడ ఉండదు, నీడ లేకపోతే ఎత్తుపల్లాలు తెలియవు. గంటు అందులో మామూలు గంటులాగే ఉంది. ఒకే దీపాన్ని బల్ల మట్టానికి 10–15 డిగ్రీల ఎత్తులో పెట్టి, దీపాన్ని కదపకుండా నాణేన్ని 30 డిగ్రీల చొప్పున తిప్పుతూ మొత్తం 12 ఫొటోలు తీశాక కథ మారింది.

30 రెట్లలో కనిపించింది ఇది. బొరుసు ఖాళీ తలం నున్నగా ఉంది. గుడ్లగూబ ఛాతీ, రెక్క, అక్షరాల పై అంచుల మీద మాత్రం నారింజ తొక్కలాంటి సన్నటి గరుకు. ఆ గరుకు పల్లాలతో కాదు, పైకి పొంగిన రేణువులతో ఏర్పడింది. చేతిలో తిరిగి అరిగిన నాణెంలో ఎత్తైన చోట్లు నున్నబడాలి, పల్లాలు గరుకుగా మిగలాలి. ఇక్కడ తలకిందులు. పైగా మట్టి తిన్న లోహం లోపలికి గుంటలు పడుతుంది, రేణువులుగా పొంగదు. పొంగిన రేణువులు నాణెం మీద ఉన్నాయంటే వాటికి జోడీ గుంటలు అచ్చులో ఉండాలి. అసలు నాణేన్ని నమూనాగా పెట్టి విద్యుత్ నిప్పురవ్వలతో ఉక్కును తినిపించి అచ్చు చేస్తే అచ్చంతా అలాంటి సూక్ష్మ గుంటలే ఉంటాయి. తర్వాత సానపడతారు. సాన అచ్చు పైతలానికి అందుతుంది, లోతులకు అందదు. అచ్చు పైతలమంటే నాణెం ఖాళీ తలం, అచ్చు లోతంటే నాణెం ఎత్తు. నున్నన, గరుకు ఇలా చోట్లు మార్చుకోవడానికి ఇంతకన్నా సూటి కారణం లేదు.

గంటు

నిజమైన ఉలి గంటులో చూడాల్సినవి కొన్నున్నాయి. ఉలి దిగినప్పుడు లోహం ఎక్కడికీ మాయం కాదు, రెండు పక్కలకు తోసుకుని ఒడ్డుల మీద పెదవుల్లా లేస్తుంది. గంటు దాటిన ప్రతి ఈక, ప్రతి చుక్క కత్తిరించినట్టు తెగాలి. లోపలి గోడల మీద ఉలి మొన లోపాలు సన్నటి చారలుగా దిగుతాయి. మట్టిలో ఉన్న నాణెం అయితే గంటు లోపలా నాణెం మీదా ఒకే వయసు కనిపించాలి. క్లోరైడు ఉన్న మట్టిలో వెండి మీద బూడిద, ఊదా కలిసిన మైనం లాంటి సిల్వర్ క్లోరైడ్ పొర పడుతుంది. పాత గంటు అడుగున అది పేరుకుని ఉంటుంది. గంటు చివర లోహం చిరిగిన చోట చక్కెర పలుకుల్లా స్ఫటికాలు కనిపించడం కూడా మామూలే.

పరిశీలిస్తున్న నాణెంలో గంటు పొడవు 9 మి.మీ. దాని అడుగున నల్లటి మట్టు గట్టిగా కూరుకుని ఉంది. అసిటోన్‌లో తడిపిన దూది పుల్లతో రెండు నిమిషాలు ఆనించగానే మట్టు దూదికి వచ్చేసింది. వార్నిష్, జిగురు, రంగుపొడి అసిటోన్‌లో కరుగుతాయి లేదా వదులవుతాయి. మట్టి ఖనిజం, క్లోరైడు, సల్ఫైడు నలుపు అలా రావు. మిగతా నాణెం మీది నలుపు చెక్కుచెదరలేదు. అది గంధకపు రసాయనంతో వేసినది కావచ్చు, కాలం వేసినదీ కావచ్చు, రెండిటినీ అసిటోన్ వేరు చేయలేదు. గంటు అడుగున మట్టు పోయాక కనిపించింది తెల్లటి మెరిసే వెండి, సమానమైన దూరాల్లో సాన చారలు. క్లోరైడు పొర జాడ లేదు.

కొత్త గంటు ఉన్నంత మాత్రాన నాణెం కొత్తదని చెప్పలేం. అసలు నాణేన్నే ఎవరో ఈ మధ్య కోసి ఉండొచ్చు. తేల్చింది ఆ గంటు కొస. ఏటవాలు వెలుగులో గంటు 9 మి.మీ. దగ్గర ఆగలేదు. అదే వరుసలో ఇంకో 2 మి.మీ. దాకా లోతులేని పల్లం ఒకటి సాగింది. ఆ పల్లానికి లేచిన పెదవులు లేవు, ఒడ్డులు గుండ్రంగా ఉన్నాయి. ఈక చుక్కలు తెగలేదు, మైనం మీద వేలు ఆనించినట్టు పల్లంలోకి వంగి దిగాయి. అడుగున పక్క తలం మీద ఉన్న నలుపే ఉంది. అంటే ఈ పల్లం ఉలితో పడింది కాదు, అచ్చుతో పడింది. నమూనాగా వాడిన అసలు నాణేనికి 11 మి.మీ. పాత గంటు ఉంది. అచ్చులో అది గట్టుగా దిగింది. ఆ అచ్చుతో కొట్టిన ప్రతి బిళ్లకూ గంటు నీడ పడుతుంది. దాన్ని దాచడానికి నీడ మీదే కొత్త ఉలితో ఒక దెబ్బ వేశారు. ఉలి 2 మి.మీ. పొట్టిదైంది.

అంత శ్రమపడ్డవాడు అంత చిన్న చోట తప్పడం వింతగా అనిపించవచ్చు గానీ ఇదే మామూలు. పొడవాటి ఉలి వాడితే బిళ్ల చీలిపోయే ప్రమాదం ఉంది.

తోబుట్టువు

నీడ గంటు ఒక్కటే చాలు అనిపించినా, ఒక్క నాణెంలోని ఒక్క గుర్తు మీద తీర్పు నిలపకూడదు. అచ్చు నుంచి వచ్చిన లోపమైతే అదే అచ్చుతో కొట్టిన ఇంకో నాణెంలోనూ ఉండి తీరాలి. వెతకాల్సిన చోట్లు వేలం సంస్థల పాత ఫొటోల నిల్వలు, నకిలీల ఫొటోలను పోగుచేసే డేటాబేస్‌లు, అసలు నాణేల కోసం అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ లాంటి సంస్థల ఆన్‌లైన్ సేకరణలు. ఈ రకం వేల సంఖ్యలో ఉంటుంది కాబట్టి బొమ్మను కాదు, గంటు కోణాన్ని పట్టుకుని వెతకాలి. అలా వెతికితే ఒక పాత వేలం ఫొటోలో రెండోది దొరికింది: బరువు 16.97, అచ్చుల కోణం 4 గంటల దిశ, బిళ్ల ఆకారం వేరు, బొమ్మ ఎడమకు జరిగింది.

రెండు ఫొటోలను ఫొటో ఎడిటర్‌లో ఒకదాని మీద ఒకటి సగం పారదర్శకంగా పెట్టి పోల్చాలి. కొలత సరిచేసేటప్పుడు నాణెం వ్యాసం పట్టుకుంటే తప్పు. బిళ్లలు వేరు కదా. అచ్చులోనే ఉండే రెండు బిందువులు తీసుకోవాలి. ఇక్కడ గుడ్లగూబ కుడి కంటి నడిమికీ దాని గోటి కొసకూ మధ్య దూరం వాడారు. అలా పెడితే బొమ్మలు ఒకదానిలో ఒకటి ఒదిగిపోయాయి. ఇంతవరకు తప్పేమీ లేదు, అసలు నాణేలు కూడా అచ్చులు పంచుకుంటాయి.

అనుమానించాల్సింది పంచుకున్న దెబ్బలను. అచ్చు పగిలినా, అచ్చు మీద గీత పడినా నాణెం మీద అది పైకి లేచిన గీతగా వస్తుంది. అలాంటివి రెండు అసలు నాణేల్లో కనిపించడం సహజం, అచ్చుల వరుస కట్టడానికి పండితులు వాడేది అదే. నాణెం లోపలికి దిగిన గీత, గుంట, గంటు అయితే అవి కొట్టిన తర్వాత ఆ ఒక్క నాణేనికి పడినవి. లోపలికి దిగిన దెబ్బ రెండు నాణేల్లో ఒకే చోట, ఒకే ఆకారంలో కనిపిస్తే ఆ రెండింటికీ తల్లి ఒకటుంది. ఇక్కడ మూడు దొరికాయి: గుడ్లగూబ రెక్క మీద నీడ గంటు, నెలవంక కింద గుంట, ఎథీనా చెంప మీద లోపలికి దిగిన సన్నటి గీత. రెండో నాణెంలో కొత్త ఉలి దెబ్బ లేదు. అందులో నీడ గంటు మొత్తం పొడవునా, గుండ్రటి ఒడ్డులతో, ఏ దాపరికం లేకుండా కనిపిస్తోంది.

ఈ రెండోదే తల్లి కావచ్చు కదా అన్న ప్రశ్న వేసుకోవాల్సిందే. తల్లి అయితే గంటుకు లేచిన పెదవులు, తెగిన చుక్కలు ఉండాలి, వివరం బిడ్డ కన్నా పదునుగా ఉండాలి. రెండూ లేవు. ఇది తోబుట్టువే. తల్లి ఫొటో దొరకలేదు. బిళ్ల ఆకారాలు, కోణాలు వేరుగా ఉండడం ఇంకో సంగతి ఖాయం చేసింది. పోతలైతే అంచు గీత కూడా అచ్చుగుద్దినట్టు ఒకటే అయ్యేది. ఇవి అచ్చులతో విడివిడిగా కొట్టినవి.

ప్రాచీన కాలంలోనే చేసిన దొంగ నాణెం కావచ్చా? అప్పట్లో దొంగ నాణెం లాభం లోపల చవక లోహం పెట్టడంలో ఉంది. పూర్తి తూకానికి పూర్తి వెండి పోసి దొంగ అచ్చు కొట్టడంలో మిగిలేదేమీ లేదు. పొంగిన రేణువుల గరుకు, అసిటోన్‌లో కరిగిన మట్టు సంగతి దీనితో తేలదు కూడా. అసలు నాణేన్నే ఎవరో చెక్కి, మెరుగులు దిద్ది ఉండొచ్చా అంటే, చెక్కుడు పనికి తోబుట్టువు పుట్టదు.

నమోదు

నివేదికలో ‘నకిలీ’ అన్న ఒక్క మాట రాసి వదలలేదు. అసలు నాణెం నుంచి బదిలీ చేసిన అచ్చులతో కొట్టిన ఆధునిక తయారీ అని, ఆధారాలు ఏ క్రమంలో బరువైనవో ఆ క్రమంలో రాశారు: ముందు రెండు నాణేల్లో ఉమ్మడిగా ఉన్న మూడు లోపలి దెబ్బలు, తర్వాత నీడ గంటు మీద కొత్త గంటు, తర్వాత చోట్లు మారిన గరుకు, తర్వాత కరిగిన మట్టు. బంగారం 0.3 శాతాన్ని ఆధారాల్లో చేర్చలేదు, పట్టికలో మాత్రం ఉంచారు. అదే అచ్చుల జంటతో ఇంకో బిళ్ల బయటపడినప్పుడు లోహం పోల్చడానికి ఆ అంకె కావాలి.

నికోఫాన్ శాసనం చెప్పినట్టు నాణేన్ని అడ్డంగా కోయలేదు. కోస్తే ముందుగా పోయేది ఆ 2 మి.మీ. నీడ. మూతి మూసిన పారదర్శక కవరులో వేసి, ‘ఆధునికం, అమ్మకానికి కాదు’ అని చీటీ లోపల పెట్టారు. చీటీ వెనక గంటు కోణం, నెలవంక కింది గుంట, చెంప మీది గీత, ఈ మూడింటి చోట్లు గడియారపు అంకెల లెక్కలో రాశారు. మూడో తోబుట్టువు వచ్చినప్పుడు త్రాసు తీయక ముందే వీటిని చూసుకుంటే సరిపోతుంది.